కంబళిలో మూడు కాళ్లు

ఆగండాగండి! ఆ ఫోన్ కాసేపు పక్కన పడేసి, ఓ చెవి ఇటు పారేయండి. బస్సులో ఒకమ్మాయి నుదుటికి ట్రైపాడ్ తగిలించిన పాపానికి ఒక కుర్రాడు ఇప్పుడు వానలో నిలబడి నోరు పెగలక చస్తున్నాడు. వింటే మీకే జాలేస్తుంది.

పేరు తిప్పేష్. పుట్టింది గుమ్మఘట్ట, చదివింది బెంగళూరు. ఇప్పుడు బుక్కరాయసముద్రంలో గది తీసుకుని ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం. ఆదివారం వచ్చిందా, మెళ్లో కెమెరా, భుజాన ట్రైపాడ్! ఎండిన చేల మీదికి తొలి వాన నడిచొస్తుందే, అది మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయాలని అతని పిచ్చి. కెమెరా గంటసేపు కదలకుండా నిలబడాలంటే ఆ మూడుకాళ్ల స్టాండు ఉండాల్సిందే.

ఉరవకొండ బస్సెక్కి సీటు కోసం గిర్రున తిరిగాడు. భుజం మీది ట్రైపాడ్ కూడా తిరిగింది. టంగ్!

"అబ్బా! ఏమప్పా, కండ్లు ఇంట్లో పెట్టొచ్చినావా?"

నుదురు రుద్దుకుంటున్న అమ్మాయి ఈశ్వరి. అసలే పెద్ద కళ్లు, కోపంతో ఇంకా పెద్దవయ్యాయి. తిప్పేష్ సారీ చెప్పడం మర్చిపోయి ఆ కళ్లనే చూస్తుండిపోయాడు. ఆమె మాత్రం ట్రైపాడ్‌ను చూస్తోంది.

"ఓహో, కొలిచేటోళ్లా! ఈసారి ఎవురి చేను మింద పడినారు?"

ముందు సీట్లో తలగుడ్డ పెద్దాయన మెడ తిప్పి గుడ్లురిమాడు.

"అయ్యో, కొలవడమేంటండీ! ఇది కెమెరా స్టాండ్. నేను మబ్బుల్ని షూట్ చేస్తా."

"మోడాలనా? వాటికి స్టాండెందుకు? కింద పడిపోతాయనా?"

బస్సు పగలబడి నవ్వింది. తిప్పేష్ కూడా నవ్వాడు. ఏం చేస్తాడు పాపం!

నవ్వు అక్కడితో ఆగిపోయింది. దిగిన ఊళ్లో ట్రైపాడ్ నిలబెట్టగానే రైతులు గుమిగూడి వెళ్లగొట్టారు. ఆ చుట్టుపక్కల గాలిమరల కంపెనీ వాళ్లు చేలు కొలవడానికి ముందు ఇలాంటి స్టాండే దించుతారు. తర్వాత రాళ్లు పాతుతారు. ఆ తర్వాత చేను మధ్యలో లారీలు తిరిగే దారి పడుతుంది. మూడు కాళ్లు కనబడితే చాలు, జనానికి గుండె జారిపోతుంది.

సరే, దాచుకుని వెళదామనుకున్నాడు. క్రికెట్ కిట్ బ్యాగులో పెడితే పిల్లలు బౌలింగ్ వెయ్యమని లాక్కెళ్లారు. పెద్ద గొడుగు సంచిలో పెడితే దారిపొడుగునా ఒకటే మాట, "వాన యాడుందప్పా?" నిజమే మరి, ఆ ఊళ్లలో గొడుగు మోసేవాడికన్నా వింత మనిషి ఇంకెవడుంటాడు!

చివరికి సంచి కుట్టించుకుందామని ఉరవకొండలో ఒక టైలరింగ్ షాపు మెట్లెక్కాడు. మిషన్ మీద ఎవరు? ఈశ్వరి!

"నువ్వా! మల్లా నా నెత్తి పగలగొట్టేకి వచ్చినావా?"

"ఈసారి సారీ చెప్పడానికొచ్చా. అలాగే... దీనికి ఎవరికీ కనబడని సంచి కావాలి."

ఈశ్వరి టేపు తీసి ట్రైపాడ్ పొడుగు కొలిచింది. "సూడు, కొలిచేదాన్నే కొలుస్తాండా!" అంటూ కిసుక్కున నవ్వింది. అంతే, మనవాడు అవుట్.

సంచి మాత్రం వద్దంది. "కొత్త సంచి సూస్తే అందరూ అడుగుతారు. కంబళి తెచ్చుకో. మా నాయన గొర్రెలకాడికి పొయ్యేటప్పుడు మడిచి భుజానేసుకుంటాడు. దాంట్లో ఏముందని ఈడ ఎవురూ అడగరు."

తిప్పేష్ కంబళి కొనుక్కొచ్చాక, స్టాండు తలకాయ విప్పి జేబులో పెట్టుకోమంది. కాళ్లు మూడూ దగ్గరికి ముడిచి కంబళిలో చుట్టింది. రెండు కొసలకూ లంగా నాడా కుట్టి, అడ్డంగా వీపుకు తగిలించింది. బరువు తెలియదు, ఎవరికీ గుచ్చుకోదు.

"సూడు, చేతులు రెండూ ఖాళీ. ఏం చేస్తావు వాటితో?"

"నీ టిఫిన్ క్యారియర్ మోస్తా."

"అబ్బో, శానా తొందరుందే!"

ఆ తర్వాత ప్రతి ఆదివారం బస్టాండు నుంచి షాపుదాకా ఆ క్యారియర్ మోసింది తిప్పేషే. టీ తాగేవాళ్లు, పోట్లాడుకునేవాళ్లు. మనసులో మాట మాత్రం ఇద్దరూ కంబళిలో ట్రైపాడ్ లాగే చుట్టిపెట్టుకున్నారు.

ఇదిగో, ఇవాళ పొద్దున్నే ఈశ్వరి ఫోన్. "బిన్నా రా, ఆలస్యం చెయ్యొద్దు! మా చేను మింద మోడం పట్టుండాది. నాయనకు ఫోటోల పిల్లోడు వస్తాడని చెప్పినా. స్టాండు సంగతి మాత్రం చెప్పలేదు. మెల్లగా నేనే చెప్తా."

వెళ్లేసరికి పడమట నల్లగా మబ్బు. తిప్పేష్‌కు కాళ్లు నేల మీద నిలవలేదు. ఈశ్వరి నాయన బసప్ప గొర్రెల మధ్య కూర్చుని, తెల్లారే పుట్టిన పిల్లను తువ్వాలుతో తుడుస్తున్నాడు. అతని చూపు నేరుగా కంబళి మీద పడింది.

"మంచి నేత. యాడ కొన్యావప్పా?" అంటూ ఉన్ని తడిమాడు. "నిలబడే ఉన్యావే, కూర్చో కూర్చో." అక్కడ ఎవరైనా చేనికొస్తే కంబళి పరిచి కూర్చోబెడతారు. అది మర్యాద. ఈశ్వరి "నాయనా, ఆగు..." అనేలోపే బసప్ప నాడా విప్పి కంబళి దులిపాడు.

ట్రైపాడ్ దబ్బున నేల మీద పడింది. ఒక కాలు దానంతటదే చాచుకుంది.

బసప్ప దాన్ని చూశాడు. అతని గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"పోయినేడు వచ్చినోళ్లు ఊరికే సూసిపోతామన్నారు. నా గొర్రెలు మేసే బీడు మింద ఇప్పుడు లారీలు తిరుగుతాండాయి. వాళ్లన్నా దీన్ని భుజానేసుకోని అందరూ సూస్తాండంగ వచ్చినారు. నువ్వు దాచుకోనొచ్చినావే!"

"తప్పు నాదే పెద్దాయనా. నేను కొలిచేవాణ్ని కాను. అందరూ భయపడుతున్నారని దాచా. ఈశ్వరికి దీంతో..."

"అబద్ధం చెప్పొద్దు," అంది ఈశ్వరి. "నేనే చుట్టిచ్చినా నాయనా."

"నాడా కుట్టు సూస్తానే తెలిసిందిలే," అన్నాడు బసప్ప. మొహం తిప్పుకున్నాడు.

అప్పుడే పడింది తొలి చినుకు, బొట్టు బొట్టుకీ దుమ్ము ఎగిరేలా. చేను అవతల వాన తెల్లటి గోడలా నిలబడి, అచ్చంగా తిప్పేష్ కలగన్నట్టే, నడిచొస్తోంది. ట్రైపాడ్ కాళ్ల దగ్గరే ఉంది. కెమెరా మెళ్లోనే ఉంది. ఇంకో ఏడాదికి గానీ రాదు ఇలాంటి వాన.

గొర్రెపిల్ల వణికింది. "మ్మే" అంది.

తిప్పేష్ గబుక్కున ట్రైపాడ్ అందుకున్నాడు. బసప్ప లేచి నిలబడ్డాడు. కానీ తిప్పేష్ మూడు కాళ్లూ వెడల్పుగా చాచింది కెమెరా కోసం కాదు. సరిగ్గా పిల్లకు పైన నిలబెట్టి, కంబళి తీసి మీద కప్పేశాడు. చిన్న గుడిసె! మెళ్లో కెమెరా కూడా పిల్ల పక్కనే లోపలికి తోశాడు. తాను మాత్రం కంబళి ఎగిరిపోకుండా కొసలు పట్టుకుని వానలో నిలబడ్డాడు. రెండో వైపు కొసలు ఈశ్వరి పట్టుకుంది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

"నీ మోడం పోయిందే," అంది ఆమె మెల్లగా.

"పోనీలే. దగ్గరగా చూశాగా."

"మోడాన్నా?"

తిప్పేష్ ఆ పెద్ద కళ్లలోకే చూస్తూ కంబళి కొస ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

బసప్ప వంగి గుడిసెలోకి తొంగి చూశాడు. పిల్ల వెచ్చగా ముడుచుకుని కెమెరా పట్టీ నాకుతోంది. ముసలాయన మీసాల కింద నవ్వు కదిలింది.

"ఇంగ మీద దీన్ని భుజానే ఏసుకోని రా. ముందర మా ఈశ్వరి నడుస్తాది. ఊళ్లో ఎవురన్నా అడిగితే బసప్ప మనిషని చెప్పు." ఒక్క క్షణం ఆగి, కూతురి వైపు, తిప్పేష్ వైపు మార్చి మార్చి చూశాడు. "సరే గానీ, నా కాడ ఇంగేమన్నా దాచినావా?"

ఈశ్వరి కళ్లు మళ్లీ పెద్దవయ్యాయి. ఈసారి కోపంతో కాదు. వద్దంటున్నాయో చెప్పమంటున్నాయో వానలో తెలియడం లేదు. కంబళి కొసలు వదిలితే పిల్ల తడుస్తుంది, పారిపోవడానికి లేదు. ముసలాయన జవాబు కోసం చూస్తున్నాడు.

చెప్పండి, తిప్పేష్ చోట మీరుంటే ఏం చేస్తారు?