పాదాలు చూసి వరించిన దేవత

తల ఎత్తకు అని కాసులమ్మ మరీ మరీ చెప్పింది. దేవి ఎత్తలేదు. గందరగోళమంతా అక్కడే మొదలైంది.

అది రెండువేల రెండో సంవత్సరం. తొలకరి జల్లులు అప్పుడప్పుడే పడుతున్నాయి. పెదజాలారిపేటలో కాసులమ్మ ఇంట్లో పెళ్లిచూపులు. దేవి ఆమెకు మేనకోడలు. ద్వారకా నగర్‌లో కంప్యూటర్ కోర్సు నేర్చుకోవడానికి అనంతగిరి నుంచి దిగి వచ్చి అత్త ఇంట్లో ఉంటోంది.

దేవి తండ్రి జగ్గయ్య అనంతగిరి కొండ మీద కాఫీ తోటకు కాపలాదారు. ఆయన పుట్టింది మాత్రం ఈ పేటలోనే, చేపల వేటకి వెళ్లే ఇంట్లోనే. తమ్ముడు ఎల్లారావు వేటకి వెళ్లి తిరిగి రాని ఏడాది, జగ్గయ్య వల ఒడ్డున పడేసి, భార్యనూ చంటిపిల్ల దేవినీ తీసుకుని కొండెక్కేశాడు. సముద్రం మీద బతికే ఇంటికి పిల్లనివ్వనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. అందుకే స్టీల్ ప్లాంటు ఉద్యోగి మోహన్ సంబంధం అనగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. తోటలో మొక్కలు నాటే రోజులు కావడంతో తను రాలేక, నువ్వే చూడమని చెల్లెలికి కబురు పెట్టాడు.

ఫోటో ఏదని దేవి అడిగితే, మనిషే వస్తుంటే ఫోటో ఎందుకంది కాసులమ్మ. మనిషి వచ్చాక తల ఎత్తొద్దంది. ఇక దేవి ఏం చూడాలి? చాప మీద కూర్చుని, ఎదురుగా బెంచీ కింద కనిపిస్తున్నవి చూసింది. రెండు జతల పాదాలు.

ఒక జత పాదాలకి గోళ్లు నల్లబడి ఉన్నాయి. చీలమండల చుట్టూ బూట్ల ఒరిపిడి మచ్చ. అవి ఒకదాని వెనక ఒకటి దాక్కోవాలని చూస్తున్నాయి.

రెండో జత వేరు. కెరటం అప్పుడే కడిగి వెళ్లిన నల్లరాయిలా నిగనిగలాడుతున్నాయి. మడమల్లో ఒక్క పగులు లేదు. గోళ్లు చిన్న చిన్న గవ్వల్లా ఉన్నాయి. పాదాలు ఇంత అందంగా ఉంటాయని దేవికి అంతవరకూ తెలియదు.

పైగా మాటలన్నీ ఆ పాదాల మీదుగానే వస్తున్నాయి. అనంతగిరిలో చలికి కోళ్లు కూత మానేస్తాయని విన్నాను, నిజమేనా అని అడిగిందా గొంతు. కాసులమ్మ మిక్చర్ ప్లేటు జరిపితే, మా వాడికి సిగ్గు, ప్లేటు వాడి ఒళ్లో పెట్టండందా గొంతే. నల్ల గోళ్ల పాదాలు ఇంకా లోపలికి ముడుచుకున్నాయి. దేవి పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

వాళ్లు వెళ్లాక కాసులమ్మ ఏమంటావని అడిగింది.

"సరే అత్తా," అంది దేవి. ఆ సరే గవ్వల గోళ్లకి చెప్పిన సరే.

నాలుగు రోజులు పోయాక, దేవి ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తుంటే ఆ పాదాలు ఇసుకలో నడుచుకుంటూ ఆమె ముందుకొచ్చి ఆగాయి. ఈసారి చెప్పేవాళ్లెవరూ పక్కన లేరు. దేవి తల ఎత్తింది. లుంగీ ఎగ్గట్టి, భుజాన చేపల బుట్టతో, నవ్వు ముఖంతో ఒక కుర్రాడు. పాదాలకి తగ్గ ముఖమే అనుకుంది.

"కాసులమ్మత్త లేదేటి? సందువా సేపలు తెచ్చాను," అన్నాడు.

"ఐస్ ఫ్యాక్టరీ కాడికెళ్లింది. మీకు ఈరోజు డ్యూటీ లేదా?"

"డ్యూటీయా? సముద్రానికి సెలవేటి?" అని నవ్వి, "పెళ్లికొడుక్కి ఏటన్నా సెప్పమంటావా? సెప్తాను," అన్నాడు.

తన గురించి తనే అలా వేళాకోళం ఆడుతున్నాడనుకుంది దేవి. ఆ సరదా ఆమెకీ పట్టుకుంది.

"సెప్పండి. అంత మంచి పాదాల్ని బూట్లలో పెట్టి పాడు సెయ్యొద్దన్నానని సెప్పండి."

అతను బుట్ట దించాడు. తల గోక్కున్నాడు. "బూట్లు ఎయ్యకపోతే మోహన్ బావని ప్లాంటు గేటు లోపలికి రానివ్వరు. అయినా, ఆ పాదాలు నీకు బాగున్నాయేటి? గోళ్లన్నీ నల్లగా..."

"మోహన్ బావేంటి? మోహన్ మీరే కదా?"

"నానేటి? మోహన్ బావంటే నువ్వు సరే అన్న మనిషి."

దేవి చేతిలోని చేప జారి ఇసుకలో పడింది. అతని పాదాల వంక చూసింది, ముఖం వంక చూసింది, మళ్లీ పాదాల వంక చూసింది. అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక అతను కూడా తన పాదాల వంక, అవేదో తనకి తెలియకుండా తప్పు పని చేసినట్టు చూసుకున్నాడు.

అతని పేరు దొరబాబు. మోహన్‌కి మేనమామ కొడుకు. ఉండేది జోడుగుళ్లపాలెం. వేట లేని రోజుల్లో, రేవులోకి వచ్చి ఆగిన ఓడలకి పడవ మీద కూరగాయలూ చేపలూ చేరవేస్తాడు. మోహన్‌కి నోరు పెగలదని, మాట సాయానికి తోడు వచ్చాడు. ఇవన్నీ అతను చెబుతుంటే దేవికి ఒక్కటే వినిపించింది. తాను సరే అన్నది ఒకరికి, ఆ సరే వెళ్లి చేరింది మరొకరికి.

ఏడుపు ముఖం పెట్టిన ఆమెని చూసి దొరబాబు ఇసుకలో చతికిలబడ్డాడు. ఇలాంటి పొరపాటు ఒక దేవతకే జరిగింది, నువ్వెంత అన్నాడు. ఏ దేవతకని అడిగింది. మన దేవత కాదు, నార్వే దేవతన్నాడు. మొన్న వేసవిలో అక్కడి ఓడ ఒకటి రిపేరుకని రేవులో నిలిచిపోయింది. దాంట్లో తెల్లగడ్డం ముసలాయన ఒకడు, దొరబాబు కూరగాయల బస్తాలు ఎత్తినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని, సగం ఇంగ్లీషులో సగం చేతులతో, వాళ్ల పాతకాలపు దేవుళ్ల కథలు చెప్పేవాడట. సుత్తి విసిరి ఉరుములు పుట్టించే థోర్, ఒంటికన్ను పెద్దాయన ఓడిన్, తంటాలమారి లోకి.

"ఆ దేవత పేరు స్కాది. కొండల మీద మంచులో యేటాడే రాచ్చసుడి కూతురు. ఈ దేవుళ్లు ఆళ్ల నాన్నని సంపేసారు. దాంతో కత్తీ డాలూ ఏసుకుని వొచ్చేసింది, నాకు నాయం సెప్పండని."

"చెప్పారా?"

"సెప్పారు. మాలో ఒకణ్ణి మొగుడిగా కోరుకో అన్నారు. కానీ ముకం సూడకూడదు. తెర ఎనకాల నిలబడతాం, పాదాలు సూసి ఎంచుకో అన్నారు."

దేవి కళ్లు తుడుచుకోవడం మరిచిపోయింది.

"బాల్డర్ అని ఒకడున్నాడు, సందమామ లాటోడు. ఈవిడ మనసు ఆడి మీదుంది. అన్నిట్లోకీ అందమైన పాదాలు సూసి, ఇయి ఆడివే అనుకుని, ఇతనే నా మొగుడు అనేసింది. తెర తీత్తే సముద్రం మీద బతికే దేవుడు, న్యోర్డ్. రోజూ ఉప్పునీళ్లు కడుగుతాయి గదా, ఆడి పాదాలే బాగుంటాయి మరి."

అని తన పాదాలు రెండూ ముందుకి చాపి చూపించాడు. దేవికి నవ్వొచ్చింది. కోపమూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో తెలియలేదు.

"ఇంకో సరతు కూడా ఎట్టింది. నాన్న పోయిన నన్ను మీరు నవ్వించాలి అంది. లోకి ఒక మేకని తెచ్చి నవ్వించాడు."

"మేకతో ఎలా?"

"అది ఆడపిల్లలకి సెప్పేది కాదు."

"సరే, పెళ్లయ్యాక ఏమైంది?"

"ఏటవుద్ది? సుకంగా ఉన్నారు."

మాట మామూలుగానే అన్నాడు. కానీ దేవి కళ్లు అలవాటు కొద్దీ కిందే ఉన్నాయి. అతని కుడి బొటనవేలు ఇసుకను పీతలా తవ్వుతోంది. ఇందాక కథంతా చెబుతున్నప్పుడు అది ఒక్కసారీ కదల్లేదు.

"అబద్ధం," అంది. "నీ బొటనేలు తవ్వుతోంది. చివర ఏటో సెప్పు."

దొరబాబు చప్పున కాలు ముడుచుకున్నాడు. సముద్రం వైపు చూస్తూ చెప్పాడు. వాళ్లకి పొసగలేదట. కొన్నాళ్లు కొండ మీదున్నారు. తోడేళ్ల ఊళలకి ఆయనకి నిద్ర లేదు. కొన్నాళ్లు సముద్రం పక్కనున్నారు. సముద్రపు పక్షుల అరుపులకి ఆవిడకి నిద్ర లేదు. చివరికి ఎవరి చోటికి వాళ్లు పోయారు.

"నీకు మాత్రం ఇక్కడ నిద్రుందేటి? కళ్లు సూత్తే తెలుత్తంది," అన్నాడు లేస్తూ. "మోహన్ బావ మంచోడు. తెర తియ్యకముందే తప్పు తెలిసిందనుకో. ఆ సరే ఆడికే ఉండనీ."

చేపలు అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి రోజులన్నీ దేవికి అయోమయమే. అతను వద్దన్నాడా? వద్దనేవాడు పాదాలు చాపి చూపించడమెందుకు? చివర దాచాడెందుకు? మోహన్ మంచివాడని అన్నప్పుడు వేలు కదిలిందో లేదో చూసుకోలేదే అని తనని తనే తిట్టుకుంది. నిద్ర సంగతి మాత్రం నిజం. వచ్చిన దగ్గర్నుంచీ హోరు చెవిలో పడుతూ ఒక్క రాత్రీ నిండుగా పట్టలేదు. కంప్యూటర్ ముందు కూర్చుంటే కీబోర్డు మీద వేళ్లు ఒకటి కొట్టాలని మరొకటి కొడుతున్నాయి. తన నోరు కూడా అదే పని చేసింది కదా అనుకుంది.

తాంబూలాలు మాట్లాడడానికి జగ్గయ్య కొండ దిగి వచ్చాడు. ఆ మధ్యాహ్నం మోహన్ ఒక్కడూ, కాబోయే మామగారిని పలకరించడానికి వచ్చాడు. బయట వాన. ఆకాశంలో ఆ సుత్తి దేవుడెవరో పని మొదలుపెట్టినట్టు ఉరుములు. పెద్దవాళ్లు ముహూర్తం మాట ఎత్తగానే, ఇప్పుడు నోరు తెరవకపోతే ఇక తెరవలేనని దేవికి అర్థమైంది.

"నాన్నా, నాను సరే అన్నది ఈయనకి కాదు," అంది.

కాసులమ్మ చేతిలోని తమలపాకులు చెదిరాయి. దేవి తల వంచుకునే అంతా చెప్పింది, పాదాలతో సహా. మోహన్ తన గోళ్ల వంక చూసుకున్నాడు. ముఖం చిన్నబోయింది. తర్వాత మెల్లగా నవ్వాడు.

"ఆరోజు మాటాడింది దొరబాబు బావే కదా. నాను మిక్చర్ తిన్నాను. మిక్చర్ తిన్నోడికి సరే ఎవరు సెప్తారు?" అని, గొడుగు తీసుకుని లేచాడు. అతని నోట అన్ని మాటలు అంతకు ముందు ఎవరూ వినలేదు.

జగ్గయ్య మాత్రం నవ్వలేదు. సముద్రం ఇంటికి ఇవ్వనన్నాడు. నీ చిన్నాన్న ముఖం నీకు తెలియదు, నాకు తెలుసన్నాడు. దేవి అప్పుడు స్కాది కథ చెప్పింది. తండ్రిని పోగొట్టుకున్న పిల్ల కత్తి పట్టుకుని వచ్చి ఏం అడిగిందో, దేవుళ్లు దానికి బదులుగా ఏం ఇచ్చారో చెప్పింది.

"చిన్నాన్నని సముద్రం తీసుకుంది, నాన్నా. అది మనకి ఒక మనిషిని ఇవ్వాలి కదా."

జగ్గయ్య లేచాడు. వానలోనే బయటికి నడిచాడు. ఎటు వెళ్లాడో అని కాసులమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. తిరిగొచ్చేసరికి ఆయన పాదాలకి తడి ఇసుక అంటుకుని ఉంది. కొండెక్కిన నాటి నుంచి ఆయన కెరటంలో కాలు పెట్టడం అదే మొదటిసారి.

"ఆ కుర్రోణ్ణి రమ్మను," అన్నాడు చెల్లెలితో.

మళ్లీ అదే చాప, అదే బెంచీ. ఈసారి బెంచీ కింద ఒక్క జత పాదాలే ఉన్నాయి. తల ఎత్తకు అని ఈసారి కాసులమ్మ చెప్పలేదు. అయినా దేవి తల దించుకునే కూర్చుంది. పిల్లకి ఇప్పటికి సిగ్గొచ్చిందని కాసులమ్మ మురిసిపోయింది. దేవి చూపంతా అతని కుడి బొటనవేలి మీదుంది.

దానికి ఇక్కడ నిద్ర పట్టదు, ఎక్కడ ఉంచుతావని జగ్గయ్య అడిగాడు.

"రుషికొండ ఎగువన మా తాత కట్టిన రేకుల ఇల్లుంది, మావా. ఎనకాల కొండ, ముందు సముద్రం. కిందున్నంత హోరు రాదక్కడ. ఆ దేవుళ్లకి అలాటి సోటు దొరకలేదు గానీ, మనకుంది కదా."

వేలు కదల్లేదు.

"రేవులో తుపాను జెండా ఎత్తితే?"

"పడవ దింపను. దేవి మీద ఒట్టు."

వేలు కదల్లేదు. నల్లరాయిలా నేలని అంటుకుని ఉంది. జగ్గయ్య గట్టిగా ఊపిరి వదిలి, తాంబూలాల పళ్లెం తెమ్మని చెల్లెలికి సైగ చేశాడు.

అప్పుడు దేవి తల ఎత్తింది. పెద్దవాళ్లందరూ ఉండగానే అతని కళ్లలోకి చూసి, తనకి ఒక్క సంగతి తెలియాలంది.

"ఆ లోకి మేకతో ఆవిడని ఎలా నవ్వించాడు?"

దొరబాబు జగ్గయ్య వైపు చూశాడు, కాసులమ్మ వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు తెల్దు. ఆ ముసలాయన సెప్పలేదు."

దేవి కిందికి చూసింది. బొటనవేలు గచ్చుని తవ్వేస్తోంది. ఆమె నవ్వు మొదలుపెట్టింది. ఎందుకు నవ్వుతున్నావని తండ్రి అడిగినా, కాసులమ్మ గిల్లినా, ఆపలేకపోయింది.