రెండు వేళ్ళ గుడ్డ

ఆ ఇంట్లో తెల్లవారిందంటే కాఫీ వాసన కంటే ముందు కత్తెర చప్పుడు వినిపించాలి. ముందుగది నిండా బల్ల, బల్ల నిండా గుడ్డలు, గుడ్డల మధ్య అత్తగారు. టైలరమ్మ అంటే చాలు, చంటిపిల్లలు కూడా ఆ ఇల్లు చూపిస్తారు. నలభై ఏళ్ళలో ఒక్కరి గుడ్డ పాడుచేసి ఎరగదు. ఆ మాట ఎవరైనా అంటే ఆవిడ ముఖం చాటంత అయ్యేది.

కోడలు కంప్యూటర్లో ప్రోగ్రాములు రాసే పిల్ల. బంగారంలాంటి పిల్లే, కాకపోతే దూకుడు. ఏ పనైనా ఏకబిగిన చివరిదాకా రాసేసి, ఆ తర్వాత తప్పులు వెతుక్కునేది. అత్తగారు మంచి గుడ్డ కోసేముందు పాత దుప్పటి మీద కోసి చూసుకుంటుంటే కిసుక్కున నవ్వేది.

"ఇన్నేళ్ళయినా ఇంకా దుప్పట్లు చింపుతారేంటి అత్తయ్యా?"

"నువ్వు మీట నొక్కితే తప్పు వెనక్కి పోతుంది. నా కత్తెర పడిందంటే పడిందే తల్లీ."

ఈమధ్య అత్తగారికి చూపు మందగించింది. గుడ్డ మీద గీసుకున్న గీత ఆవిడకే కనపడటం లేదు. అది కనిపెట్టిన కోడలు, నోరెత్తకుండా అత్తగారి కొలతల పుస్తకాలన్నీ ముందేసుకుని నెల్లాళ్ళు కూర్చుని ఒక ప్రోగ్రాము రాసింది. కొలతలు ఇస్తే చాలు, కాగితాల మీద ముక్కలన్నీ లావుపాటి నల్లగీతలతో అచ్చయి వస్తాయి. గుడ్డ మీద పరిచి కోసుకోవడమే.

"గీత మీదే కోయండి. అటో ఇటో జరిగితే లెక్క తప్పుతుంది" అని మరీ మరీ చెప్పి, కోడలు ఆఫీసు పనిలో పడింది.

ఆ పొద్దున బల్ల మీద ఉన్నది పంతులమ్మగారి నీలం గుడ్డ. పోయిన వాళ్ళమ్మ ఎప్పుడో కొని, కుట్టించకుండానే పెట్టెలో దాచిన గుడ్డ. రిటైరయ్యే రోజు ఆ గుడ్డతో పొడుగు కోటు వేసుకోవాలని ఆవిడ కోరిక. శనివారానికి కావాలి. అలాంటి గుడ్డ మళ్ళీ కొందామన్నా దొరకదు.

అత్తగారు కాగితం పరిచి కోసింది. మధ్యాహ్నానికి ముక్కలు కలిపి కుట్టి, మూల నిలబెట్టిన మొండెం బొమ్మకి తొడగబోయింది. భుజాల దగ్గరే బిగుసుకుపోయింది. ఎంత లాగినా ముందు అంచులు కలవలేదు. ఆవిడ స్టూలు మీద అలాగే కూలబడింది.

భోజనానికి వచ్చిన కొడుకు చూశాడు. "చెబుతూనే ఉన్నానమ్మా, నీ కళ్ళు అయిపోయాయని. ఇక కత్తెర పక్కన పెట్టెయ్."

ఆ మాట విని లోపలిగదిలోంచి వచ్చిన కోడలు టేపు తెచ్చి ముక్క ముక్కా కొలిచింది. "ఆగండి. అత్తయ్య వెంట్రుకవాసి కూడా తప్పలేదు. సరిగ్గా గీత మీదే కోశారు. మరి ఎందుకు పట్టలేదు?"

"కుట్టులోకి పోయే గుడ్డ వదల్లేదే అమ్మాయ్" అంది అత్తగారు మెల్లగా. "చుట్టూ రెండు వేళ్ళు వదలాలి."

"ఆ మాట మీ పుస్తకాల్లో ఎక్కడా లేదే!"

"రాయడమేంటే? గీత గీయగానే ఈ రెండు వేళ్ళూ వాటంతటవే పక్కన పడతాయి. ఊపిరి పీల్చానని ఎవరైనా పుస్తకంలో రాసుకుంటారా?"

"మరి ఇవాళెందుకు పెట్టలేదు?"

"చెయ్యి లాగుతూనే ఉంది. అంత చదువుకున్న పిల్ల ఆ లెక్కంతా కాగితంలోనే చేసుంటుందిలే, మళ్ళీ నేను కలిపి చెడగొట్టడం దేనికని ఆపుకున్నా."

"కనీసం ముందు దుప్పటి మీదైనా..."

"నువ్వు నవ్వుతావని చూళ్ళేదు."



సాయంత్రం పంతులమ్మ కొలత చూసుకోవడానికి వచ్చింది. అత్తగారు చేతులు జోడించి, "వయసు మీద పడిందమ్మా, చెయ్యి జారి..." అంటుంటే కోడలు ముందుకొచ్చింది.

"కాదండీ. అత్తయ్య చెయ్యి జారలేదు. తప్పు నాది. గుడ్డ ముట్టుకోకుండా గుడ్డ కోసే ప్రోగ్రాము రాశాను. ఆవిడ నన్ను నమ్మారు."

పంతులమ్మ ఆ నీలం గుడ్డని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమిరింది. చివరికి, "మా అమ్మ చిరిగినవి కూడా పారేసేది కాదు. ఏమైనా చేయగలరా?" అంది.

"అత్తయ్య చెబుతారు. నేను కుడతాను."

కుట్లు విప్పి, పక్కల్లో, భుజాల మీద, చేతుల పొడవునా ముదురు రంగు పట్టీలు వేయాలని తేల్చారు. ఈసారి ముందు దుప్పటి మీద. కోడలి కుట్టు పాములా వంకర పోయింది. విప్పింది. ఏటవాలుగా కోసిన ముక్క చేతిలోనే సాగిపోయింది.

"గుడ్డ ఇలా సాగుతుందని నాకు చెప్పలేదేం?"

"చెబితే వచ్చేదైతే నాకు నలభై ఏళ్ళెందుకు పట్టిందే!"

వేలికి సూది రెండుసార్లు దిగింది. మూడు రోజులు, మూడు దుప్పట్లు. "ఇంట్లో కప్పుకోడానికి ఒక్కటైనా మిగల్చండి" అని కొడుకు గోల. ఆ నోటితోనే, "ఆ రోజు తొందరపడి అనేశానమ్మా" అన్నాడు. "అన్నావులే, పోయి సూదిలో దారం ఎక్కించు" అంది తల్లి.

శనివారం పంతులమ్మ కోటు వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. "ఈ పట్టీలు నేనే అడిగి వేయించుకున్నానని చెబుతాను. మీరు కాదనకండి" అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

కోడలు ప్రోగ్రాము మళ్ళీ మొదటినుంచి పట్టుకుంది. ఈసారి ఒక్క చెయ్యి ముక్క రాయడం, అచ్చు తీయడం, దుప్పటి మీద కోసి, కుట్టి, తొడిగి చూడటం. అది కుదిరితేనే మెడ దగ్గరికి పోవడం. అత్తగారు కూడా ఊరుకోలేదు. తన చెయ్యి దానంతటది చేసే పనులన్నీ ఆలోచించి ఆలోచించి, లావు అక్షరాలతో పుస్తకంలో రాయడం మొదలుపెట్టింది.

కొన్ని నెలలకి ఓ పొద్దున, కోడలు భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని బల్ల దగ్గర నిలబడి ఉంది. అవతల ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు.

"మొత్తం ఒకేసారి రాసెయ్యొద్దు. ఒక చిన్న ముక్క చెయ్యి. ముందు పాత దుప్పటి మీద చూడు... దుప్పటే. తర్వాత చెబుతాలే."

మాట్లాడుతూనే సుద్దతో గుడ్డ మీద గీత గీసింది. ఆ వెంటనే, చూపు గుడ్డ మీద లేకపోయినా, ఎడమచేతి వేళ్ళు రెండూ గీత పక్కన ఆనాయి. వాటి అంచున ఇంకో గీత పడింది.

అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది. పిలిస్తే ఆ చెయ్యి ఎక్కడ ఉలిక్కిపడుతుందోనని నోరు మెదపలేదు. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, ఇంకోసారి చూసుకుంది.