గుమ్మంలో బూటు

మేవిస్ లాహ్తి, యాభై ఎనిమిదేళ్ళు. నేలమాళిగలోకి దిగితే తన మంచుబూటు ఒకటి గుమ్మంలో అడ్డం పెట్టి, ఒంటికాలి మేజోడుతో పని చేసుకుంటుంది.

థండర్ బే అనే మంచు ఊళ్ళోని ఆ చిన్న రేడియో స్టేషన్‌లో అది చూసి నవ్వని మగవాడు లేడు. శబ్దాలు రికార్డు చేసే నోరీన్ ఆ నేలమాళిగ గదిలోనే, బాయిలర్ పొగకి చచ్చిపోయింది. "నిద్రలో పోయింది, అదృష్టవంతురాలు" అని మేనేజర్ గోర్డ్ తేల్చేశాడు. ఆడదాని చావుకి ఇంతకంటే చవకైన వివరణ ఎక్కడ దొరుకుతుంది?

ఆ మధ్యాహ్నం గోర్డ్ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏం మేవిస్, ఇంకా ఆ ముసలి కంప్యూటర్‌తోనే కాపురమా?"

"నీతో చెయ్యడంకంటే నయమేలే."

"ప్రకటనలు దించుకుని మిగతాదంతా తుడిచెయ్."

"నోరీన్ రికార్డులు కూడానా?"

"చచ్చినదాన్ని ఎవరు వింటారు?"

అతను వెళ్ళిపోయాడు. మేవిస్ ఆ పాత యంత్రాన్ని ఫైళ్ళు పంచే సర్వర్‌గా మార్చి, ఒకే ఒక్క కేబుల్‌తో తన లాప్‌టాప్‌కి కలిపింది. అతిథిగా ఎవరైనా రావచ్చు. పాస్‌వర్డ్ అడిగినచోట మర్యాదకి తమ పేరు రాస్తారు, అంతే. తన పేరు రాసింది.

సర్వర్ తెర మీద అతిథులు ఇద్దరు.

రెండో పేరు నోరీన్.

కాలిన దుమ్ము వాసన... తడిసిన ఉన్ని వాసన... మేవిస్ కేబుల్ పీకేసింది. తెర మీంచి ఒక పేరు పోయింది. తనది.

అప్పుడు సర్వర్‌లోకి ఒక ఫైలు వచ్చింది. ఈరోజు తేదీ. తెరిచింది.

తలుపు తడుతున్న చప్పుడు. మూడు దెబ్బలు... ఆగి, రెండు. దగ్గు. "గోర్డ్... గడియ తియ్యి... తమాషా చాలు..."

నిద్రలో పోలేదన్నమాట.

కేబుల్ మళ్ళీ పెట్టి, ఫైలు లాప్‌టాప్‌లోకి దించుకుంది. వెనక్కి తిరిగింది.

తలుపు మూసి ఉంది. లాగితే రాలేదు, బయట గడియ పడి ఉంది. బూటు... ఆమె కుర్చీ కింద, ఇంకా కరగని మంచుతో.

మేవిస్ తలుపు బాదింది. మూడు... ఆగి, రెండు. అరచెయ్యి కందేదాకా.

గోర్డ్ తలుపు తీసి నవ్వాడు. "గాలికి పడుంటుంది. తుడిచేశావా?"

"ఆఁ, అయిపోయింది" అంది మేవిస్, లాప్‌టాప్ గుండెకి అదుముకుని.

ఆ సాయంత్రం వార్తల సమయంలో, వార్తలకు బదులు ఆ ఫైలును ప్రసారం చేసింది. ఫోన్ చేసినవాళ్ళంతా ఒకటే అడిగారు: నోరీన్‌తో కలిసి తలుపు బాదుతున్న ఆ రెండో ఆడమనిషి ఎవరు?