శేఖర్ సెట్ చేసిన గాలి

మీరు ఈ క్షణం పీలుస్తున్న గాలి మంచిదేనని మీకెవరు చెప్పారు?

ముక్కు చెప్పిందా? ముక్కుకి తెలియదు. ఊపిరితిత్తులా? వాటికీ తెలియదు. ఊపిరాడటం లేదని మనకి అనిపించేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, వదలాల్సిన గాలి లోపల పేరుకున్నందుకు. ఒక గదిలో ఆక్సిజన్‌ని పక్కకి నెట్టేసి దాని చోట్లో నైట్రోజన్ నిండిందనుకోండి, ఒంట్లో ఏ గంటా మోగదు. వాసన రాదు, దగ్గు రాదు. హాయిగా, కాస్త నవ్వొస్తున్నట్టుగా ఉంటుంది. తర్వాత మోకాళ్లు వంగిపోతాయి. అంతే.

అందుకే అలాంటి చోట గోడకి ఒక డబ్బా బిగిస్తారు. ఆక్సిజన్ సెన్సర్. మంచి గాలిలో అది ఇరవై పాయింట్ తొమ్మిది చూపించాలి. పందొమ్మిదిన్నరకి పడితే అరవాలి. ఆ డబ్బాలు నిజం చెబుతున్నాయో లేదో చూసి, సరిచేసి, తేదీ వేసి స్టిక్కర్ అంటించడం నా ఉద్యోగం. నా పేరు ఉమాశ్రీ. కాకినాడ పిల్లని, మాదాపూర్ హాస్టల్లో ఉంటాను, జీడిమెట్లలో ఒక చిన్న కంపెనీకి పనిచేస్తాను. దెయ్యాలు లేవని వాదించి కాలేజీలో కప్పు గెలిచాను. ఆ కప్పులో ఇప్పుడు పెన్నులు పెట్టుకుంటున్నాను.

ఇది రాత్రి జరిగింది కాదు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. సైబర్ టవర్స్ వెనక సందుల్లో బిర్యానీ వాసన, హాస్టల్ బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు, ఎండలో నిద్రపోతున్న క్యాబులు. ఆ ఎండలోంచి ఒక బిల్డింగు ర్యాంపు దిగాను. మొదటి బేస్‌మెంట్‌లో ఇద్దరు కుర్రాళ్లు కార్లు కడుగుతున్నారు. రెండో బేస్‌మెంట్‌లో కార్లు లేవు. పొడవాటి కారిడార్, చివర ఒక ఇనుప తలుపు. తలుపులో పుస్తకమంత అద్దం. దాని వెనక శాంపిళ్ల బ్యాంకు: పరిశోధన కోసం రక్తం, కణాలు గడ్డకట్టించి దాచే గది. ద్రవ నైట్రోజన్ నింపిన రెండు నిలువెత్తు ట్యాంకులు ఉంటాయి అందులో.

తలుపు పక్కన టేబుల్ ముందు, చక్రాలున్న ఆఫీసు కుర్చీలో సెక్యూరిటీ గంగమ్మ కూర్చుని ఉంది.

"లిఫ్టు ఖరాబైంది బిడ్డా. ఆ డబ్బా మోసుకుంట నడిసొచ్చినవా?"

"ఫర్వాలేదండి గంగమ్మ గారూ."

"గారు గీరు ఎందుకే. మా కోడలు ఇన్నదంటె నవ్వుతది."

టేబుల్ మీద చిన్న పోచమ్మ పటం. దాని ముందు వెలగని అగర్బత్తి. చుట్టూ కుప్పగా అగ్గిపుల్లలు. తలలు మాత్రం నల్లగా కాలాయి, కర్రలు కాలలేదు.

"పొద్దట్సంది ముట్టిస్తున్న. భగ్గుమంటది, ఆరిపోతది. తల్లికి నా మీద కోపమొచ్చిందో ఏందో," అంది గంగమ్మ నుదురు నొక్కుకుంటూ. "నెత్తి గూడ బరువుగున్నది."

"అగ్గిపెట్టె నానిపోయుంటుందండి. ఇక్కడ గాలి ఆడట్లేదు కూడా."

"ఐతారం కదా. ఫ్యాన్లు బంద్ పెడుతరు, కరెంటు మిగులుతదని."

విన్నాను. విని వదిలేశాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

తలుపు పక్కన గోడ మీద గదిలోని సెన్సర్ చూపించే అంకె: 20.9. ఎర్రగా, స్థిరంగా. కింద స్టిక్కర్. సంతకం శేఖర్‌ది. "శే" అని రాసి, కింద పొడుగ్గా గీత లాగి, గీత చివర ఒక చుక్క. నాకంటే ముందు ఈ రూటు అతనిదే. అతన్ని నేనెప్పుడూ చూడలేదు, సంతకం మాత్రం ప్రతి బిల్డింగులో చూస్తాను. గత ఏప్రిల్లో ఉద్యోగం మానేశాడని మా యజమాని తిమ్మప్ప గారు చెప్పారు.

స్టిక్కర్ మీద తేదీ పది రోజుల క్రితంది.

మానేసినవాడు పది రోజుల క్రితం ఎలా వచ్చాడు? ముందే సంతకాలు పెట్టించుకున్న స్టిక్కర్లు ఆఫీసులో మిగిలుంటాయి, ఎవరో అంటించి పోయారు, మోసం, సోమవారం తిమ్మప్ప గారిని నిలదీస్తాను... ఇలా నాలుగు వాక్యాల్లో కేసు కొట్టేశాను.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. దాచను.

గదిలోకి వెళ్లే ముందు చొక్కాకి చిన్న మీటర్ తగిలించుకోవాలి. అదీ ఆక్సిజన్ మీటరే. రోజూ దాన్ని ఆన్ చేయగానే బయట, ఆకాశం కింద నిలబడి, "ఇదీ మంచి గాలి" అని దానికి నేర్పాలి. ఒక బటన్, ముప్పై సెకన్లు. పొద్దున హడావుడిలో మర్చిపోయాను. ఆ కారిడార్లోనే ఆన్ చేశాను. అది ఒక్క క్షణం 16.1 చూపించి కీచుమంది.

లోపల గాలిని కొలిచే సెల్ ముసలిదైపోయింది అనుకున్నాను. రెండేళ్లకి అరిగిపోతాయవి. పైకి వెళ్లి రావాలంటే రెండు ర్యాంపులు, నాలుగు నిమిషాలు. వెళ్లలేదు. అక్కడే నిలబడి బటన్ నొక్కాను.

20.9 అంది మీటర్. ఏం నేర్పితే అది.

గంగమ్మ తన కార్డు గీసి తలుపు తెరిచింది. "జల్ది రా బిడ్డా. ఆ గదిల ఎవరైనా ఎక్కువసేపుంటె నాకు మంచిగనిపియ్యది."

"ఎందుకండి?"

"ఏమో. లోపట ఒక్కలు పోతే, ఇద్దరున్నట్టు సప్పుడైతది."

నవ్వాను. తలుపు నా వెనక దానంతటదే మూసుకుంది. ఠక్.

చలి ముందు పాదాలకి తగిలింది. తెల్లటి లైటు. రెండు ట్యాంకులూ స్టీలు గుళ్లలా నిలబడి ఉన్నాయి. నేల మీద పల్చగా పొగ, చీలమండల దాకా. వాసన లేదు. ఏ వాసనా లేదు... నా చెమట వాసన కూడా. రెండో ట్యాంకు పైపు దగ్గర సన్నగా బుస్సుమని శబ్దం.

నా మీటర్ ప్రతి అర నిమిషానికీ ఒకసారి "టిక్" అంటుంది, బతికే ఉన్నానని చెప్పడానికి. 20.3. ఫర్వాలేదు. టూల్స్ డబ్బా దించి, గోడ సెన్సర్ ముందు చిన్న మెట్ల స్టూలు వేసుకున్నాను.

టిక్.

...టిక్.

రెండోది నాది కాదు. ట్యాంకు వెనక నుంచి వచ్చింది.

ప్రతిధ్వని అనుకున్నాను. అర నిమిషం ఆగాను. టిక్. ఈసారి ముందు అదే అంది. నాది తర్వాత.

19.5. నా మీటర్ అరిచింది. చొక్కా మీద వణికింది. భయపడాలి కదా? పడలేదు. పందొమ్మిదిన్నర అంటే హెచ్చరికే, ఇంకా టైముంది, పని ముగించి పోదాం అనుకున్నాను. ఎందుకో చిన్న నవ్వు కూడా వచ్చింది. స్క్రూడ్రైవర్ చేతిలోంచి జారింది. తీసుకుందామని వంగాను.

ట్యాంకు వెనక ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు.

మా కంపెనీ నీలం చొక్కా. మోకాళ్ల మీద గడ్డం. చేతిలో నాలాంటిదే మీటర్. కనురెప్పల మీద తెల్లటి మంచు.

"కొత్తగ చేరినవా?" అన్నాడు. గొంతు కాదు. పైపు బుసలోంచే మాట వచ్చినట్టుంది.

స్క్రూడ్రైవర్ వదిలేసి నిటారుగా లేచాను.

"జర కూసో. శానా సేపైంది నిలవడి."

నా కాళ్లకి ఆ మాట నచ్చింది. దానికే నాకు భయమేసింది. వెనక్కి జరిగి తలుపు దగ్గరికి వెళ్లి బటన్ నొక్కాను. బటన్ మీద పచ్చ లైటు వెలిగింది. తలుపు కదల్లేదు. మళ్లీ నొక్కాను. పచ్చ లైటు. లాగాను. గోడని లాగినట్టుంది.

అద్దంలోంచి చూశాను. గంగమ్మ తల టేబుల్ మీద వాలి ఉంది. చేయి కిందికి వేలాడుతోంది. వేళ్ల మధ్య అగ్గిపుల్ల. తల కాలింది... కర్ర కాలలేదు.

అప్పుడు తెలిసింది.

అగ్గి నిలవలేదు, ఎందుకంటే బయట కారిడార్లోనే గాలి చచ్చిపోయింది. తలుపు కింద నుంచి పొద్దుటి నుంచీ నైట్రోజన్ కారుతోంది, ఫ్యాన్లు బంద్. నా మీటర్ చూపించిన పదహారే నిజం. నేను పదహారుని పట్టుకుని ఇరవై పాయింట్ తొమ్మిది అని దానికి నేర్పాను. ఇప్పుడు అది పదిహేడు అంటోందంటే, అసలు ఎంత? లెక్క రాలేదు. చిన్న లెక్క. రాలేదు.

నేను బయటపడకపోతే ఆమె కూడా పోతుంది. ఆదివారం ఇంకెవరూ రారు. ఫోన్లో సిగ్నల్ లేదు.

"ఫికర్ చెయ్యకు," అంది వెనక నుంచి ఆ బుస. దగ్గరికొచ్చింది. "నాది గూడ ఇరవై పాయింట్ తొమ్మిదే చూపెట్టింది."

అతని చేతిలో మీటర్ నాకేసి తిప్పాడు. 20.9. స్థిరంగా.

"ఈడ గాలి మంచిగుంటది. నేనే సెట్ చేసిన."

గోడ మీద అంకె కూడా 20.9. ఆ గదిలో అబద్ధం చెబుతున్నది నా మీటర్ ఒక్కటే కాదు.

"కూసో."

మోకాళ్లు వంగుతున్నాయి. కింద పొగ నడుము దాకా లేచింది. అంతా పోయాక నాలో మిగిలింది ఒక్కటే, ఎదుటివాడు ఏమంటే దానికి అడ్డం చెప్పే అలవాటు. నువ్వు కూర్చోమంటున్నావా... అయితే నేను లేవాలి. చల్లటి గాలి బరువు, కిందే పేరుకుంటుంది. పైన కాస్త మంచిది ఉంటుంది. నువ్వు కిందికి రమ్మంటే నేను పైకి.

స్టూలు ఎక్కాను. పై మెట్టు మీద నిలబడి సీలింగ్‌కి మొహం ఆనించాను. పీల్చాను. పీల్చాను. మీటర్లో అంకె రెండు పెరిగింది. చూపు కొంచెం తేరుకుంది.

పైనుంచి కనబడింది. తలుపు పక్కన కొక్కేనికి తగిలించిన మందపాటి నీలం ఏప్రన్, దాని వెనక పచ్చ పెట్టె అంచు. ప్రమాదంలో దాని అద్దం పగలగొడితే తలుపు తాళం వదులుతుంది. దాని మీదే ఎవరో ఏప్రన్ తగిలించారు. నాలుగు అడుగులు.

దిగాలి. మళ్లీ ఆ పొగలోకి.

ఊపిరి బిగబట్టి దిగాను. ఒక అడుగు. రెండు. చీలమండ చుట్టూ చల్లగా ఏదో... వేళ్లలా... గట్టిగా కాదు. చిన్నపిల్లలు వెళ్లొద్దని పట్టుకుంటారే, అలా.

"నా తర్వాత ఎవరూ కూసోలే," అన్నాడు.

మీటర్ పీకి దాంతోనే అద్దం మీద కొట్టాను. పగల్లేదు. మళ్లీ. మళ్లీ. పగిలింది. తలుపు ఠక్కుమని వదిలింది.

గంగమ్మని కుర్చీతో సహా తోసుకుంటూ పరిగెత్తాను. ఆ చక్రాల కుర్చీకి రోజూ దణ్ణం పెట్టినా తప్పులేదు. ర్యాంపు మొదట్లో పడిపోయాను. నేను అరిచానంటారు, నాకు గుర్తులేదు. కార్లు కడిగే కుర్రాళ్లిద్దరూ దిగొచ్చి మా ఇద్దర్నీ పైకి లాగారు.

ఎండలో, రోడ్డు మీద, నా చేతిలో మీటర్ మళ్లీ అరుస్తోంది. చూశాను. 27.1. భూమ్మీద ఏ వీధిలోనూ గాలి అంత ఉండదు. చచ్చిన గాలిని మంచిదని నేర్చుకున్న యంత్రానికి, మంచి గాలి ప్రమాదంలా కనబడింది.

గంగమ్మ బతికింది. రెండు రోజులు దవాఖానలో ఉంది. నన్ను చూసి మొదట అడిగింది, "ఇద్దరొచ్చిన్రా బయటికి?" అని.

"మనిద్దరమేనండి."

"కాదు బిడ్డా. నీ ఎనక."

సోమవారం తిమ్మప్ప గారి ముందు నిలబడ్డాను. అనంతపురం మనిషి, మామూలుగా గొంతు పెద్దది. ఆరోజు లేదు.

"మానేసినాడని నేనే చెప్పినా పాపా. ఆ గదిలో చచ్చిపోయినాడని చెబితే నువ్వు చేరుతావా?"

"నేను కాదండి, ఎవరూ చేరకూడదు. మరి ఆ స్టిక్కర్లు? ముందే సంతకాలు పెట్టించుకుని ఎన్ని దాచారు?"

"ఒకటి గూడా లేదు. వాడు గాలి చూడకుండా సంతకం పెట్టేవాడు కాదు." నా మొహం చూడకుండా అన్నారు, "తేదీ ఎంతుండాది దాని మీద?"

అక్కడి నుంచి నా నిద్ర పోయింది. ఆలోచించండి. అతను పని మానలేదు. రూటు ప్రకారం తిరుగుతున్నాడు. ప్రతి సెన్సర్ ముందూ నిలబడి, తనకి అలవాటైన గాలిని చూపించి, "ఇదీ మంచి గాలి" అని నేర్పుతున్నాడు. ఆక్సిజన్ ఒక్క చుక్క లేని గాలి. అతనికి అదే ఇరవై పాయింట్ తొమ్మిది.

ఈ నెలలో నేను పదకొండు బిల్డింగులు తిరిగాను. నాలుగింటిలో అతని స్టిక్కర్ ఉంది. నాలుగూ ఈ నెల తేదీలే. పీకేశాను, సెన్సర్లు మార్పించాను. నిన్న సాయంత్రం హాస్టల్ డాబా మీద, ఆకాశం కింద, కొత్త మీటర్‌కి మంచి గాలి నేర్పి, నా సంతకంతో స్టిక్కర్ అంటించి, బల్ల మీద ఆ కప్పు పక్కన పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే నా సంతకం కింద పొడుగ్గా ఒక గీత ఉంది. నేను గీత గీయను. గీత చివర చుక్క ఇంకా తడిగా ఉంది.

అందుకే అడుగుతున్నాను. మీ ఆఫీసు కింద, ఆస్పత్రి కింద, అపార్ట్‌మెంట్ కింద అలాంటి డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. రేపు కాదు, ఇవాళే వెళ్లండి. ఒంటరిగా వెళ్లకండి. మీటర్‌ని ముందు ఆకాశం కింద ఆన్ చేసి, అప్పుడే దిగండి. అంకె ఎంత మంచిగా ఉన్నా తలుపు తెరవొద్దు, ముందు స్టిక్కర్ చదవండి. సంతకం కింద గీత ఉంటే, గీత చివర చుక్క ఉంటే, వేలితో ముట్టి చూడండి. తడిగా ఉందా?

అయితే వెనక్కి తిరక్కుండా పైకి రండి.