ఆకాశానికి ఎన్ని మార్కులు?

"ఇదీ ఒక మేఘమేనా? దూది పీకి అతికించినట్టుంది. పదికి నాలుగు," అంది మార్లా.

పక్క కుర్చీలో ఉన్న పెర్రీ గట్టిగా ఊపిరి వదిలాడు. వాడి తలమీద పైలట్ టోపీ, ఒళ్లో మ్యాప్ ఉన్నాయి. కంప్యూటర్ తెరమీద వాళ్ల విమానం ఇంజిన్ ఆన్ చేసుకుని, వాళ్ల ఊరి డీర్ లేక్ ఎయిర్‌పోర్టు రన్‌వే మీద నిలబడి ఉంది. పొద్దున్నుంచీ అలాగే ఉంది. నిజం చెప్పాలంటే, పోయిన నెల నుంచీ అలాగే ఉంది.

"ఎగురుదామా మార్లా?"

"ఒక్క నిమిషం. ఇంకొక్క యాడ్-ఆన్ చూసేస్తా."

మార్లా ఒక్క నిమిషం అందంటే అన్నం తినేసి వచ్చి కూర్చోవచ్చు.

విమానం నడిపే ఆ గేమ్‌లో కొండలు, చెరువులు, ఎయిర్‌పోర్టులు అన్నీ అచ్చం నిజంలాగే ఉంటాయి. మేఘాలు మాత్రం మార్లాకి నచ్చలేదు. మేఘాల్నీ వానల్నీ మార్చే యాడ్-ఆన్‌లు బోలెడు దొరుకుతాయి కదా! ట్రయల్ వెర్షన్లు ఒక్కొక్కటే దించుకుని మార్కులు వేయడం మొదలుపెట్టింది.

ఒకదాంట్లో మేఘాలు అద్భుతం. కానీ అది పెట్టగానే కంప్యూటర్ ఫ్యాన్ మిక్సీలా మోగింది, తెర ఆగి ఆగి కదిలింది. ఇంకోదాంట్లో వాన బాగానే ఉంది. కానీ విమానం కదలకుండా నిలబడి ఉన్నా చినుకులు అద్దం మీద పైకి పాకాయి. మరోదాంట్లో మేఘాల నీడ నేలమీద పడదు. ఇక గేమ్‌తో పాటు వచ్చిన మామూలు మేఘాలైతే, ఆకాశం నిండా బూడిదరంగు దుప్పటి పరిచినట్టుంటాయి. వాటికి మార్లా రెండు మార్కులు వేసింది. అవి కూడా జాలిపడి వేసింది.

"ఎగిరారా పిల్లలూ?" వంటింట్లోంచి మార్లా నానమ్మ కేకేసింది.

"ఇంకా లేదు నానమ్మా!"

"ఆ విమానం మీద పిట్టలు గూడు పెట్టేస్తాయే!"

పెర్రీకి నవ్వు రాలేదు. వాడి ఇంట్లో ఇలాంటి కంప్యూటర్ లేదు. వాడి నాన్న సముద్రానికి అవతల, లాబ్రడార్ అనే మంచు ప్రాంతంలో ఇనుప గనిలో పనిచేస్తాడు. విమానంలో వెళ్లి, వారాల తరబడి అక్కడే ఉండి, మళ్లీ విమానంలో వస్తాడు. నాన్న వెళ్లే ఆ దారిలో ఒక్కసారి ఎగరాలని పెర్రీ కోరిక.

"శనివారం మీ గని మీదుగా వెళ్తా నాన్నా. రెక్కలు ఊపుతా," అని పోయిన నెల ఫోన్‌లో చెప్పాడు.

"అయితే నేను టీ బ్రేక్‌లో బయటికొచ్చి చెయ్యి ఊపుతా," అన్నాడు నాన్న.

అది ఉత్తుత్తి ఆటేనని ఇద్దరికీ తెలుసు. అయినా ఆయన ప్రతి శనివారం బయటికొచ్చి నిలబడుతున్నాడు. విమానమే రావడం లేదు.

ఇంతలో పెర్రీ ఫోన్ మోగింది.

"ఏరా, ఎక్కడిదాకా వచ్చారు? నా చెవులు గడ్డకట్టిపోతున్నాయి ఇక్కడ!"

"నాన్నా... ఇంకా రన్‌వే మీదే ఉన్నాం. మేఘాలు బాగా రాలేదు."

"సర్లే కన్నా. బ్రేక్ అయిపోతోంది. ఫోటో పంపిస్తా, చూసుకో."

పెర్రీ ఫోన్ పెట్టేశాడు. టోపీ తీసి కుర్చీలో పడేశాడు. "నేను ఇంటికెళ్తున్నా."

"అదేంటి? ఇదొక్కటీ చూస్తే..."

"మంగళవారం నాన్న వచ్చేస్తాడు. అక్కడ పని అయిపోయింది, మళ్లీ ఆ గనికి వెళ్లడు. ఇదే ఆఖరి శనివారం. నీకు చెప్పాను కూడా!"

"నీ కోసమే కదా ఇదంతా!" మార్లాకి రోషం వచ్చింది. "నిజంగా వెళ్తున్నట్టు ఉండాలనే కదా!"

అప్పుడే ఫోటో వచ్చింది. పెర్రీ దాన్ని చూసి, ఫోన్ తెచ్చి మార్లా ముక్కు ముందు పెట్టాడు.

"ఇదిగో నిజం ఆకాశం. వెయ్యి మార్కులు!"

మార్లా చూసింది. మేఘాలకు అంచుల్లేవు, ఆకారం లేదు, నేలమీద నీడ అసలే లేదు. ఆకాశం నిండా బూడిదరంగు దుప్పటి పరిచినట్టుంది. రెండు కంటే ఎక్కువ రావు.

ఆ దుప్పటి కింద, మంచులో, చెవులు కప్పే టోపీ పెట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో టీ కప్పు ఉంది. రెండో చెయ్యి పైకెత్తి, ఖాళీ ఆకాశంలోకి చూస్తూ ఊపుతున్నాడు.

మార్లా ఫోన్ అందుకుని ఆ చేతివైపే చూసింది. తలెత్తేసరికి పెర్రీ గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు.

"పెర్రీ, మీ నాన్నకి మళ్లీ బ్రేక్ ఎప్పుడు?"

"సాయంత్రం, భోజనానికి. ఎందుకు?"

మార్లా యాడ్-ఆన్‌లన్నీ ఆపేసింది. గేమ్‌తో వచ్చిన మామూలు మేఘాలే పెట్టింది. తన కుర్చీలోంచి లేచి, కుడివైపు కుర్చీలోకి మారింది.

"ఎడమ కుర్చీ కెప్టెన్‌ది. నువ్వు కూర్చో. బూట్లతోనే రా, నానమ్మ తిడితే నన్ను తిడుతుంది."

పెర్రీ నమ్మలేనట్టు చూశాడు. "మళ్లీ మధ్యలో ఆపవు కదా?"

"ఆపను."

విమానం రన్‌వే మీద పరుగెత్తి పైకి లేచింది. నానమ్మ, బెల్లప్పాకంలాంటి మొలాసిస్ వేసి చేసిన బన్నుల పళ్లెంతో వచ్చి, తెర చూసి, "ఓరి దేవుడా, ఎగిరింది!" అని అక్కడే కూర్చుండిపోయింది.

సముద్రం దాటుతుండగా ఎదురుగా ఒక మేఘం టపీమని ఊడిపడింది. ఎంత అసహ్యంగా ఉందంటే, ఇటుక ముక్క కూడా దానికంటే నయం. మార్లా నోరు తెరిచింది. చెయ్యి మౌస్ వైపు వెళ్లింది. మధ్యలోనే దాన్ని వెనక్కి లాక్కుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

భోజనం బ్రేక్ వేళకి తెరమీద మంచు కొండలు, వాటి మధ్య ఎర్రటి గని కనిపించాయి. పెర్రీ ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు.

"నాన్నా, వచ్చేశాం! బయటికి రా!"

తలుపు తెరిచిన చప్పుడు, హోరుమని గాలి వినిపించాయి. పెర్రీ జాయ్‌స్టిక్ ఎడమకీ కుడికీ వంచాడు. విమానం రెక్కలు ఊపింది.

"అదిగో! కనిపించింది! ఏం ఊపుడురా అది, నా టోపీ ఎగిరిపోయింది!" అని నాన్న అరిచాడు. పెర్రీ పగలబడి నవ్వాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు.

"ఇంతకీ మేఘాలు ఎలా ఉన్నాయి మార్లా? బాగా కుదిరాయా?" అని అడిగాడు నాన్న.

మార్లా చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి. ఎప్పుడో తిమ్మిరెక్కిపోయాయి.

"నేను చూడలేదు అంకుల్," అంది.