అమ్మ రాసిన పేజీ

పొద్దున్నే కాఫీ గ్లాసు కంప్యూటర్ పక్కన పెట్టి, అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నా పేజీ తెరువే. ఇంకో రెండు ముక్కలు రాయాలి."

కూతురు పిడుగు చెయ్యి ఆగిపోయింది. చిన్నప్పుడు ఇల్లు పీకి పందిరేసేదని నాన్న పెట్టిన పేరది. ఆయన పోయి పదకొండు నెలలు. అప్పట్నుంచీ ఈ పిడుగు అరవనూ లేదు, ఏడవనూ లేదు. వేళకి తింటుంది, వేళకి పని చేస్తుంది, అంతే. అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లు తమ కథలు రాసి దాచుకునే వెబ్‌సైటు ఒకటి తయారుచేసే పని వస్తే, ఏ చెప్పుల కొట్టు సైటు పనో వచ్చినట్టే ఒప్పుకుంది.

చేసింది మాత్రం శ్రద్ధగానే. ఏడ్చిన కళ్లకి గుచ్చుకోని రంగులు, పెద్ద అక్షరాలు, మధ్యలో రాయలేకపోతే నొక్కడానికి 'తర్వాత రాస్తాను' అనే బటన్. అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి అమ్మని కూర్చోబెట్టింది. "ఏదో ఒకటి కొట్టమ్మా" అంది. అమ్మ మూడు వారాలు అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. "ఈ బూడిద రంగేంటే, బతికున్నవాళ్లని కూడా చంపేలా ఉంది" అని వంకలూ పెట్టింది. పిడుగు రంగు మార్చింది కానీ, అమ్మ ఏం రాస్తోందని ఒక్కసారీ తొంగిచూడలేదు.

"అమ్మా, అవి ఉత్త పరీక్ష రాతలు కదా. ఎల్లుండి అసలు సైటు తెరుస్తున్నాం. నిన్న సాయంత్రం అన్నీ తుడిచేశాను."

"తుడిచేశావా? మళ్లీ రాదా?"

"రాదు. నువ్వేదో ఊరికే కొడుతున్నావనుకున్నా."

అమ్మ ముఖం పాలిపోయింది. "ఊళ్లోవాళ్ల ఏడుపులకి రంగులు దిద్దుతావు. కన్నతల్లి ఏం రాసిందో చూడ్డానికి తీరిక లేకపోయిందా? ఏం మనిషివే నువ్వు!"

"నాతోనే చెప్పొచ్చుగా! ఒకే ఇంట్లో ఉంటూ కంప్యూటర్‌కి చెప్పుకోవడమేంటి?"

"నీకు చెప్పలేకే అందులో రాశానే!"

పిడుగు ఖాళీ పేజీ తెరిచింది. "చెప్పు. నేను కొడతాను."

అమ్మ కిటికీ వైపు తిరిగింది. "మీ నాన్న నిద్రలో పోలేదు. అందరికీ అలా చెప్పాను, నీక్కూడా. ఆయన మంచినీళ్లడిగారు. నేను బట్టలు ఆరేస్తున్నా. కాళ్లున్నాయిగా, లేచి తాగండని విసుక్కున్నాను. ఆరేసి, నీళ్లు పట్టుకెళ్లేసరికి..."

పిడుగు తలెత్తకుండా కొడుతూనే ఉంది. ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టలేనని భయం.

"ఏదీ, చదువు."

"'బట్టలు ఆరేస్తున్నాను. లేచి తాగమని చెప్పాను...'"

"చెప్పానని ఎవరన్నారు? విసుక్కున్నానని రాయి."

"ఎందుకమ్మా? ఏ ఇంట్లోనైనా రోజుకి పదిసార్లు అనుకునే మాటేగా. నేనున్నా అదే అనేదాన్ని."

"అందుకే రాయమంటున్నా. నాలా విసుక్కున్న ఇల్లాలు ఇంకెక్కడో ఒకతి ఉండే ఉంటుంది. చదివి, తనొక్కతే కాదని తెలుసుకుంటుంది."

పిడుగు ఆ మాట చెరిపి, 'విసుక్కున్నాను' అని కొట్టింది. పదకొండు నెలలు అమ్మ ఈ ఒక్క మాటతో ఒంటరిగా వేగింది. పక్క గదిలోనే ఉండి కూడా తను పట్టించుకోలేదు. ఇంక వేళ్లు కదల్లేదు. అమ్మ ఒళ్లో తల పెట్టి చిన్నపిల్లలా భోరుమంది.

అమ్మ జుట్టు నిమురుతూ, "ఏడువ్, ఎన్నాళ్లకి!" అని తనూ కళ్లు తుడుచుకుంది.