తళతళమ్మ, తొమ్మిది గొడుగులు

తొమ్మిదో కుండీ పూర్తయ్యేసరికి పాత టూత్‌బ్రష్‌కి కుచ్చంతా ఊడిపోయింది. పదోది అలాగే మిగిలిపోయింది. తళతళమ్మ చేతులు కడుక్కుని, కడిగిన తొమ్మిది మొక్కల్నీ ఎండలోకి జరిపి మురిసిపోయింది.

ఇంట్లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. కంటపడ్డ ప్రతిదాన్నీ రుద్ది మెరిపిస్తుంది మరి. గిన్నెలయ్యాయి, గొళ్లేలయ్యాయి, సైకిల్ బెల్లు కూడా అయింది. ఆ తర్వాత తాతయ్య బట్టతల వైపు చూసింది. ఆ రోజు నుంచి ఆయన టోపీ తీయడం లేదు.

నానమ్మది మొక్కల నర్సరీ. అక్కడ గదుల్లో పెట్టుకునే మొక్కల ఆకుల్ని తడిగుడ్డతో తుడవడం తళతళమ్మ పని. ఆమె లెక్క సూటిది. మెరిసే మొక్క ముందు అమ్ముడుపోతుంది, దుమ్ము పట్టింది మూలన పడి ఉంటుంది.

ఈ పదీ కొండపొద మొక్కలు. చుట్టుపక్కల రాళ్లగుట్టల మీద వాటంతట అవే పెరుగుతాయి. పొద్దుతిరుగుడుకి బుల్లి చెల్లెళ్లలా పసుపు పూలు పూస్తాయి. బడి గేటు పక్కన ఏది నాటినా ఎండిపోతోందని టీచర్ బాధపడితే, "మా నానమ్మ దగ్గర చావని మొక్క ఉంది టీచర్, పది తీసుకోండి" అని తళతళమ్మ క్లాసందరి ముందూ మాటిచ్చేసింది. టీచర్ శుక్రవారం వస్తానన్నారు.

తీరా చూస్తే ఆకులు బూడిద చల్లినట్టున్నాయి. క్లాసులో నవ్వుతారు. అందుకే నానమ్మ లేని సమయం చూసి సబ్బునీళ్లు కలిపింది.

మర్నాడు మధ్యాహ్నానికి తొమ్మిది మొక్కల ఆకులూ అంచులు మాడి, కాలిన కాగితాల్లా ముడుచుకుపోయాయి.

"వీటికి తలంటు పోసిందెవరే?" అంది నానమ్మ.

"దుమ్ము నానమ్మా. సబ్బు పెట్టినా ఓ పట్టాన వదల్లేదు. చచ్చేంత రుద్దాను."

"చచ్చేంతే రుద్దావు. కాకపోతే చచ్చేది నువ్వు కాదు."

నానమ్మ పదో కుండీ దగ్గరికి పిలిచి, ఆకు మీద వేలు పెట్టించింది. పిల్లిపిల్ల చెవిలా మెత్తగా ఉంది.

"ఇది దుమ్ము కాదు, నూగు. ఎండకి దాని గొడుగు. తొమ్మిదింటి గొడుగులూ లాక్కుని నడి ఎండలో నిలబెట్టావు."

"బాగా నీళ్లు పోస్తే?"

"వేళ్లు కుళ్లుతాయి. దానికి సేవలు ఎక్కువైతే గిట్టదు. అచ్చం మీ తాతయ్యే." కుర్చీలో తాతయ్య టోపీ సర్దుకున్నాడు. "నీడలో పెట్టు. కొత్త ఆకు గొడుగుతోనే పుడుతుంది. ఓ నెల పడుతుంది."

"టీచర్ రేపే వస్తారుగా. ఏం చెప్పను?"

"కడిగింది నేను కాదుగా. నువ్వే ఆలోచించుకో."

తళతళమ్మ కుండీలన్నీ నీడలోకి మోస్తూ ఆలోచించింది. పురుగు పట్టిందంటే తను తేలిగ్గా బయటపడొచ్చు. కానీ నానమ్మ మొక్కలకి పురుగని ఊరంతా పాకుతుంది. ఎటు తిప్పి చూసినా ఆ బేరంలో నష్టమే కనిపించింది.

శుక్రవారం టీచర్ వచ్చారు.

"ఒక్కటే ఉంది టీచర్. మిగతావి నేనే పాడుచేశాను. సబ్బుతో తోమాను."

"మొక్కల్నా?"

"బ్రష్ పెట్టి."

టీచర్ అటు తిరిగి కాసేపు దగ్గారు. ఇటు తిరిగేసరికి ముఖం మామూలుగానే ఉంది గానీ, కళ్లలో నీళ్లున్నాయి.

"సరే, ఇవాళ ఒకటి నాటుదాం. మిగతావి కోలుకున్నాక నువ్వే తెచ్చి నాటాలి."

"తెస్తాను టీచర్."

టీచర్ కుండీని పరీక్షగా చూశారు. "పాపం, దీనికెంత దుమ్ము పట్టిందో" అంటూ సీసాలో నీళ్లతో రుమాలు కొస తడిపారు.

తళతళమ్మ గబుక్కున కుండీని గుండెకి హత్తుకుని వెనక్కి జరిగింది.

"అది దుమ్ము కాదు టీచర్, దాని గొడుగు. కావాలంటే తాకి చూడండి. ఒక్క వేలితో, మెల్లిగా."

వెనక కుర్చీలో తాతయ్య ఒక క్షణం ఆలోచించి, నెమ్మదిగా టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.